ఒక 386, నాలుగు టెర్మినళ్లు: డాస్ మీద మల్టీటాస్కింగ్, మల్టీయూజర్ సిస్టమ్‌లు వాడి చూస్తే

పాతకాలపు పీసీ ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ పుట్టిందే ఒక్కరి కోసం, ఒక్క పని కోసం. 386 ప్రాసెసర్ ఉన్న ఒకే పీసీకి నాలుగు టెర్మినళ్లు (తెర, కీబోర్డు మాత్రమే ఉండి సీరియల్ లైనుతో పీసీకి కలిసేవి) తగిలించి, దాని మీద నలుగురిని కూర్చోబెట్టాలంటే చిక్కంతా ప్రోగ్రాములతోనే. తెర మీద అక్షరం వేయడానికి అవి డాస్‌ని అడగవు, నేరుగా వీడియో మెమరీలో రాసేస్తాయి. కీ నొక్కారా లేదా అని ఊపిరాడకుండా అడుగుతూ ప్రాసెసర్‌ని తినేస్తాయి. ఈ మొండివాళ్లను ఎవరు ఎంత బాగా అదుపులో పెడతారన్న దాన్ని బట్టే ఇక్కడ మార్కులు వేశాను.

మనిషి ఒక్కరే, పనులు నాలుగు అయితే డెస్క్‌వ్యూ చాలు. ఇది వేరే ఆపరేటింగ్ సిస్టమ్ కాదు, డాస్ మీదే కూర్చుంటుంది. తోడుగా క్యూఈఎంఎం అనే మెమరీ మేనేజర్ ఉండాలి. డిఫాల్ట్‌గా ప్రాసెసర్ సమయంలో ముందున్న ప్రోగ్రాముకు 9 టిక్కులు, వెనకున్న ఒక్కోదానికి 3 టిక్కులు ఇస్తుంది. టిక్కు అంటే దాదాపు 55 మిల్లీసెకన్లు. వెనక రెండు ప్రోగ్రాములు నడుస్తుంటే మీ టైపింగ్ మధ్యమధ్యలో సెకనులో మూడో వంతు ఆగుతుందన్నమాట, చేతికి తెలిసిపోతుంది. సెటప్‌లో 3, 1 అని మార్చండి. వాటా అదే, కుదుపు మూడో వంతుకు తగ్గుతుంది. ఇంకో సంగతి, డెస్క్‌వ్యూ కంటే ముందు లోడ్ చేసిన ప్రతి టీఎస్ఆర్ (ఒకసారి నడిపాక మెమరీలోనే ఉండిపోయే ప్రోగ్రాము) ప్రతి విండోలోనూ మెమరీ కోస్తుంది. ఒక్క విండోకే కావలసినదాన్ని ఆ విండోలోనే లోడ్ చేయాలి.

నోవెల్ డాస్ 7లోనూ, తర్వాతి డీఆర్-డాస్ 7 వెర్షన్లలోనూ టాస్క్‌మేనేజర్ వస్తుంది. ఆ డాస్‌లోని మెమరీ మేనేజర్ ఈఎంఎం386కి మల్టీ ఆప్షన్ ఇవ్వకపోతే టాస్క్‌మేనేజర్ టాస్కులు మార్చే స్విచర్ మాత్రమే. వెనక్కి పంపిన ప్రోగ్రాము నిద్రపోతుంది. "మల్టీటాస్కింగ్ పనిచేయడం లేదు" అనేవాళ్లు ముందు కాన్ఫిగ్ ఫైల్లో ఈ ఒక్క లైను చూసుకోవాలి. డీఆర్ డాస్ 6లోని టాస్క్‌మ్యాక్స్ అయితే ఎలా తిప్పినా స్విచరే.

అసలు కథ మల్టీయూజర్‌తో మొదలవుతుంది. ఇక్కడ నేను వాడినవి రెండు: ద సాఫ్ట్‌వేర్ లింక్ వాళ్ల పీసీ-మాస్/386, డిజిటల్ రీసెర్చ్ వాళ్ల కంకరెంట్ డాస్ 386 నుంచి 1991లో వచ్చిన మల్టీయూజర్ డాస్. రెండింటికీ ప్రాణం 386లోని వర్చువల్ 8086 మోడ్, అంటే ప్రతి టాస్కుకీ తనకంటూ ఒక పాత 8086 పీసీ ఉన్నట్టు చూపించే ఏర్పాటు. ప్రతి టాస్కుకీ వీడియో మెమరీ ఉన్నట్టే కనిపిస్తుంది, నిజానికి అది మామూలు ర్యామ్‌లోని ఒక పేజీ. అందులో ఏం మారిందో చూసి, ఆ మారిన ముక్కనే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) సీరియల్ లైను మీదుగా టెర్మినల్‌కు పంపుతుంది. 286లో ఈ ఏర్పాటు లేదు కాబట్టి నేరుగా తెర మీద రాసే ప్రోగ్రాముల్ని దాని మీద నలుగురికి పంచాలని చూడకండి.

లెక్క వేసుకోండి. 80×25 తెర అంటే 2,000 అక్షరాలు. సెకనుకు 9600 బిట్ల వేగంలో, అక్షరానికి 10 బిట్ల చొప్పున, సెకనుకు 960 అక్షరాలే వెళ్తాయి. తెర మొత్తం మారాలంటే రెండు సెకన్లు దాటుతుంది. 38400 పెడితే అర సెకను. కానీ నాలుగు టెర్మినళ్లు ఒకేసారి తెర గీస్తే సెకనుకు 15,360 అక్షరాలు. సీరియల్ పోర్టులోని పాత 8250, 16450 చిప్పులు అక్షరానికో ఇంటరప్ట్ వేస్తాయి, అంటే ప్రతిసారీ ప్రాసెసర్ పనిని ఆపి పిలుస్తాయి, అక్కడే 386 చతికిలబడుతుంది. 16 బైట్ల బఫరున్న 16550ఏ వేస్తే అదే పని సెకనుకు వెయ్యి లోపు ఇంటరప్టులతో అయిపోతుంది. "సిస్టమ్ స్లో" అన్న ఫిర్యాదుల్లో సగం ఈ చిప్పు మారిస్తే తీరేవే.

వైజ్ 60 లాంటి టెర్మినల్‌ను పీసీ-టర్మ్ మోడ్‌లో పెడితే అది ఆస్కీ అక్షర సంకేతాల బదులు ఏ కీ నొక్కారో చెప్పే స్కాన్ కోడ్‌లు పంపుతుంది. ఆల్ట్, ఫంక్షన్ కీలు అన్నీ పనిచేస్తాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆర్ కీ స్కాన్ కోడ్ 19, డబ్ల్యూ కీది 17. "పంపడం ఆపు", "మళ్లీ పంపు" అని చెప్పే ఎక్స్‌ఆఫ్, ఎక్స్‌ఆన్ సంకేతాలు కూడా సరిగ్గా అవే. మామూలు ఎక్స్‌ఆన్/ఎక్స్‌ఆఫ్ హ్యాండ్‌షేక్ పెట్టారంటే ఆర్ నొక్కగానే తెర బిగుసుకుపోతుంది, డబ్ల్యూ నొక్కితే కదులుతుంది! దెయ్యం పట్టిందనుకోనక్కర్లేదు. వేరే సంకేతాలు వాడే ఎక్స్‌పీసీ హ్యాండ్‌షేక్ గానీ, విడి తీగ మీద నడిచే హార్డ్‌వేర్ హ్యాండ్‌షేక్ గానీ పెట్టండి, డేటా బిట్లు 8 ఉంచండి. కేబుల్‌లో 9 పిన్నుల పీసీ వైపు 2, 3లను 25 పిన్నుల టెర్మినల్ వైపు 2, 3లకే కలపాలి. పిన్నుల నంబర్లే తారుమారుగా ఉంటాయి కాబట్టి మళ్లీ క్రాస్ చేస్తే పనిచేయదు. 5ని 7కి, 8ని టెర్మినల్ "సిద్ధం" అని చెప్పే డీటీఆర్ పిన్ను 20కి కలిపితే హార్డ్‌వేర్ హ్యాండ్‌షేక్ కూడా కుదురుతుంది.

రెండింటిలో నాకు నచ్చింది మల్టీయూజర్ డాస్. డిజిటల్ రీసెర్చ్ వాళ్ల పాత సిస్టమ్ ఎంపీ/ఎం కాలం నుంచీ ఆ వంశం మల్టీయూజరే. ఫైల్ లాకింగ్ (ఒకరు వాడే ఫైలును ఇంకొకరు చెడగొట్టకుండా తాళం వేయడం) కెర్నల్‌లోనే ఉంది, విడిగా డాస్ వాళ్ల షేర్ ప్రోగ్రాము లోడ్ చేసే పని లేదు. కీబోర్డు దగ్గర ఊరికే తిరిగే ప్రోగ్రాముల్ని పట్టుకోవడంలోనూ ఇదే మెరుగు. పీసీ-మాస్ సరళం. అడ్‌టాస్క్ ఆదేశానికి ఎన్ని కేబీ కావాలో చెబితే టాస్కు తయారు, రెమ్‌టాస్క్‌తో తీసేయొచ్చు. దాని సోర్స్ 2017లో జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద బయటికొచ్చింది కాబట్టి లోపల ఏం జరుగుతుందో చదివి నేర్చుకోవాలంటే ఇదే దారి. మెమరీ విషయంలో నలుగురికి తలా 512 కేబీ అంటేనే 2 ఎంబీ. కెర్నల్, డిస్క్ క్యాష్ కలిపి 4 ఎంబీ కనీసం, 8 అయితే హాయి.

సిస్టమ్ ఎంత మంచిదైనా ప్రోగ్రాముకు పంచుకోవడం రావాలి. డీబేస్, ఫాక్స్‌ప్రో, క్లిపర్ డేటాబేస్ ప్రోగ్రాముల్లో ఫైలును అందరికీ తెరిచే సెట్ ఎక్స్‌క్లూజివ్ ఆఫ్, రికార్డు మార్చే ముందు దానికి తాళం వేసే ఆర్‌లాక్ ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఇద్దరూ ఒకే బిల్లును దిద్ది, చివర సేవ్ చేసినవారిదే మిగులుతుంది. టెంపరరీ ఫైళ్లకు ఒక్కొక్కరికి వేరే డైరెక్టరీ ఇవ్వాలి. ఒకే పేరుతో ఇద్దరు ఇండెక్స్ కట్టడం మొదలెడితే ఇద్దరిదీ పాడవుతుంది.

ఎవరో ఒకరు పని చేస్తుండగా చెక్‌డిస్క్ రిపేర్ గానీ డీఫ్రాగ్ గానీ నడపకండి. తెరిచి ఉన్న ఫైళ్లను చెక్‌డిస్క్ పోయిన క్లస్టర్లుగా (ఏ ఫైలుకీ చెందని డిస్క్ ముక్కలుగా) లెక్కేసి విడగొట్టేస్తుంది. యూపీఎస్ లేని చోట డిస్క్ క్యాష్‌లో ఆలస్యంగా రాసే పద్ధతిని ఆపేయండి. కరెంటు పోతే ఒక్కరి పని కాదు, నలుగురిదీ పోతుంది.