ట్రిపుల్-ఏలోనే ఉండాలా, జపాన్ వెళ్లిపోవాలా? రిలీవర్‌కి ఏది మేలు?

ఆస్టిన్ పక్కన రౌండ్ రాక్‌లో ఉండేవాళ్లకి వేసవిలో మంచి కాలక్షేపం రౌండ్ రాక్ ఎక్స్‌ప్రెస్ బేస్‌బాల్ మ్యాచ్. టెక్సాస్ రేంజర్స్‌కి ఇది ట్రిపుల్-ఏ జట్టు, అంటే అమెరికాలో అన్నిటికన్నా పైనున్న మేజర్ లీగ్‌కి ఒక్క మెట్టు కింద. నేను వెళ్లినప్పుడల్లా బుల్‌పెన్ వైపే చూస్తుంటాను. మ్యాచ్‌కి తొమ్మిది ఇన్నింగ్స్. మొదలుపెట్టే పిచ్చర్ (బంతి వేసేవాడు), అంటే స్టార్టర్, ఐదారు ఇన్నింగ్స్ వేసి దిగాక వచ్చే రిలీవర్లు అక్కడే కూర్చుంటారు. మన క్రికెట్ లెక్కలో చివరి ఓవర్ల బౌలర్లన్నమాట. ఒకరోజు ఏడో ఇన్నింగ్స్‌లో ఓ కుర్రాడు లేచి పాతిక బంతుల దాకా వేసి ఒళ్లు వేడెక్కించుకున్నాడు. ఈలోగా మైదానంలో ఉన్నవాడు గండం గట్టెక్కాడు. కుర్రాడు జాకెట్ తొడుక్కుని మళ్లీ కూర్చున్నాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లోనూ అదే తంతు. స్కోరుకార్డులో అతని పేరే లేదు, చెయ్యి మాత్రం అరిగింది.

ఇలాంటివాడికి 27, 28 ఏళ్లు వచ్చేసరికి రెండు దారులు కనిపిస్తాయి. ఇక్కడే ఉండి పైనుంచి పిలుపు కోసం చూడటం ఒకటి. జపాన్ క్లబ్ అడిగితే విమానం ఎక్కేయడం రెండోది.

ముందు ఇక్కడి లెక్క. మైనర్ లీగ్ ఆటగాళ్లకి 2023లో తొలిసారి యూనియన్ ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం ఆ ఏడాది ట్రిపుల్-ఏలో కనీస జీతం 35,800 డాలర్లు. అదే ఏడాది మేజర్ లీగ్‌లో కనీసం 7,20,000. అంటే పైన పది రోజులు ఉంటే చాలు, కింద ఏడాదంతా ఆడిన డబ్బు వచ్చేస్తుంది. పైగా మేజర్ లీగ్ సర్వీసు 43 రోజులు పూర్తయితే పెన్షన్‌కి అర్హత. అందుకే ముప్పై దాటినా కొందరు కదలరు. వాళ్లని తప్పుపట్టలేను. గ్రీన్ కార్డ్ క్యూలో ఏళ్ల తరబడి నిలబడ్డ మనవాళ్లకి ఈ ఆశ గురించి ఒకరు చెప్పాలా?

కానీ ఆ పిలుపు ఎలా వస్తుందో చూడండి. పైజట్టు మ్యాచ్ రాత్రి పన్నెండు ఇన్నింగ్స్ సాగి రిలీవర్లందరూ అలిసిపోయారనుకోండి. తెల్లారేసరికి అలుపులేని చెయ్యి ఒకటి కావాలి. మనవాడు వెళ్తాడు, రెండు ఇన్నింగ్స్‌లో ఓ నలభై బంతులు వేస్తాడు, బాగానే వేస్తాడు. నలభై వేసినవాడు రేపు మళ్లీ వేయలేడు. కాబట్టి మర్నాడు అతన్నే దింపి ఇంకొకర్ని తెస్తారు. కూరలో కరివేపాకు. అలా దిగిన పిచ్చర్, పైజట్టులో ఎవరికైనా గాయమైతే తప్ప, 15 రోజుల దాకా మళ్లీ ఎక్కడానికి లేదు. ఒక సీజన్లో ఒకణ్ణి ఇలా ఐదుసార్లకి మించి దింపకూడదని 2022లో నిబంధన పెట్టాల్సి వచ్చిందంటే, అంతకుముందు పరిస్థితేంటో ఊహించుకోవచ్చు. ఇదంతా క్లబ్ 40 మంది జాబితాలో (పైజట్టుకి ఆడాలంటే ఇందులో పేరుండాలి) ఉన్నవాడి కష్టం. అందులో లేనివాడికైతే ముందు ఎవరో ఒకరు ఖాళీ చేయాలి.

ఇక జపాన్. రిలీవర్ డెనిస్ సార్ఫేట్ 2006 నుంచి 2009 దాకా మేజర్ లీగ్‌లో మూడు జట్లకి కాస్త కాస్త ఆడాడు, 2010 ట్రిపుల్-ఏలో గడిపాడు. 2011లో హిరోషిమా కార్ప్‌కి వెళ్లాడు. 2017లో సాఫ్ట్‌బ్యాంక్ హాక్స్ తరఫున 54 సేవ్‌లు (చివర్లో వచ్చి జట్టు ఆధిక్యాన్ని కాపాడటం) చేశాడు, అక్కడ ఒక సీజన్‌కి అది రికార్డు. ఆ ఏడాది జపాన్ సిరీస్‌లో, అంటే అక్కడి ఫైనల్లో, ఉత్తమ ఆటగాడూ అతనే. వెళ్తే తిరిగి రాలేమనే భయం ఉన్నవాళ్లకి ఇంకో రిలీవర్ క్రిస్ మార్టిన్ ఉన్నాడు. భుజం గాయంతో ఆట మానేసి టెక్సాస్‌లో గోడౌన్ పనులు చేసుకుని, మళ్లీ బంతి పట్టినవాడు. 2016, 17 నిప్పన్ హామ్ ఫైటర్స్‌లో ఆడి, 2018లో రేంజర్స్‌కి తిరిగొచ్చాడు. 2021లో వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) గెలిచిన బ్రేవ్స్ జట్టులోనూ ఉన్నాడు.

అక్కడా ఇబ్బందులున్నాయి. బంతి తేడా, మౌండ్ (పిచ్చర్ నిలబడి వేసే మట్టిదిబ్బ) మెత్తన, భాష రాదు. విదేశీయుల సంఖ్యకి పరిమితి ఉంది కాబట్టి రెండు వారాలు సరిగ్గా వేయకపోతే రెండో జట్టుకి పంపేయొచ్చు.

నా మటుకు నేను పాతికేళ్లవాడై, 40 మంది జాబితాలో ఉంటే ఇక్కడే ఉంటాను. జాబితాలో లేకుండా 27 దాటితే జపానే. కాకపోతే జపాన్ వాళ్లు కూడా ట్రిపుల్-ఏలో రాణించినవాళ్లనే వెతుక్కుంటారు. చాలామందికి ఈ ప్రశ్నే ఎదురుకాదు. మన దేశం నుంచి 2008లో మేజర్ లీగ్ క్లబ్ పైరేట్స్‌కి సంతకం చేసిన రింకూ సింగ్ (క్రికెటర్ కాదు, జావెలిన్ విసిరేవాడు) రిలీవర్‌గా ట్రిపుల్-ఏకి కింది మెట్టయిన సింగిల్-ఏ దాకా ఎక్కాడు. తర్వాత గాయాలతో ఆగిపోయి రెజ్లింగ్‌కి మళ్లాడు.

ఆ ఫోన్ వచ్చినవాడు మాత్రం జీతం కంటే ముందు ఒకటి అడగాలి: నన్ను ఏ ఇన్నింగ్స్‌కి తీసుకుంటున్నారు? తొమ్మిదో ఇన్నింగ్స్ అంటే వెంటనే సూట్‌కేస్ సర్దుకోవచ్చు. “వచ్చాక చూద్దాం” అంటే మాత్రం అది ఇంకో బుల్‌పెన్, అంతే.