అమలాపురంలో కొన్న ఫోను: ఖనిజాల సంగతి అడిగితే

గత నెల అమలాపురం గడియార స్తంభం సెంటరు దగ్గర ఒక దుకాణంలో మా అమ్మాయి చదువు కోసం ఫోను కొన్నాను. తెర, బ్యాటరీ, ధర విషయంలో ఫిర్యాదు లేదు. యజమాని ఓపికగా మూడు మోడళ్లు చూపించారు, పాత ఫోనుకు బ్యాటరీ మారిస్తే ఇంకో రెండేళ్లు వస్తుందని కూడా నిజాయితీగా చెప్పారు. నన్ను కలతపెట్టింది వేరు. సోల్డరింగ్‌లోని తగరం, కెపాసిటర్లలోని టాంటలం, వైబ్రేషన్ మోటారులోని టంగ్‌స్టన్, కనెక్టర్ల మీది బంగారం ఆఫ్రికాలోని కాంగో దేశపు తూర్పు ప్రాంతంలో సాయుధ ముఠాలకు ఆదాయ వనరులయ్యాయి కాబట్టే, అమెరికా 2010 నాటి డాడ్-ఫ్రాంక్ చట్టం 1502వ సెక్షన్ ఈ ఖనిజాల మూలం గురించి కంపెనీలు విచారించి వెల్లడించాలంది. ఐరోపా సమాఖ్య నిబంధన కూడా 2021 జనవరి 1 నుంచి ఈ ఖనిజాలు, లోహాల దిగుమతిదారులకు వర్తిస్తోంది. పది ఊళ్ల ధాన్యం రైసుమిల్లులో కలిశాక ఏ బస్తా ఏ రైతుదో చెప్పలేనట్టే, ముడిఖనిజం శుద్ధి కర్మాగారంలో కరిగాక దాని గని ఏదో పోల్చడం దాదాపు అసాధ్యం. అందుకే తనిఖీ ముఖ్యంగా ఆ దశలోనే గట్టిగా జరగాలి. ఈ ఫోను పెట్టెలోని పుస్తకంలో దీనిపై ఒక్క మాట లేదు. తయారీదారుకు రాసి అడిగితే వారంటీ షరతులే జవాబుగా పంపారు. ఫోనుకు 5లో 4, దుకాణానికి 5, తయారీదారు పారదర్శకతకు 1 ఇస్తున్నాను.