యుద్ధకాలపు ప్రయోగ ఫైటర్లు చూడాలంటే: షాంటిలీకా, డేటన్‌కా?

రెండో ప్రపంచ యుద్ధంలో ప్రయోగ దశ దాటని, దాటినా పెద్దగా యుద్ధం చూడని ఫైటర్లను దగ్గర్నుంచి చూడాలంటే అమెరికాలో రెండు మ్యూజియాలు చాలు. ఒకటి వర్జీనియాలో డల్లెస్ ఎయిర్‌పోర్టు పక్కన షాంటిలీలో ఉన్న ఉద్వార్-హేజీ సెంటర్. రెండోది ఒహాయోలో డేటన్ దగ్గరి ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం. రెండింటికీ ప్రవేశం ఉచితమే. చేతిలో ఒక్క రోజే ఉంటే షాంటిలీకి వెళ్లండి. జెట్ ఇంజన్లు ఎలా మొదలయ్యాయో తెలుసుకోవాలంటే డేటన్.

షాంటిలీలో టికెట్ లేకపోయినా కారు పార్కింగ్‌కి 15 డాలర్లు. సాయంత్రం 4 తర్వాత అది కూడా ఉచితం. కానీ 5:30కి మూసేస్తారు కాబట్టి ఆ పదిహేను డాలర్లు మిగుల్చుకుంటే మిగిలేది గంటన్నరే. కారు లేకపోతే మెట్రో సిల్వర్ లైన్‌లో ఇన్నోవేషన్ సెంటర్ స్టేషన్లో దిగి ఫెయిర్‌ఫాక్స్ కనెక్టర్ 983 బస్సు ఎక్కాలి. బస్సు వెంటవెంటనే ఉండదు, టైమ్ చూసుకుని బయల్దేరండి. ట్రైపాడ్ లోపలికి తీసుకెళ్లనివ్వరు.

ఇక్కడ ముందుగా చూడాల్సింది జర్మన్ ఫైటర్ డోర్నియర్ డీవో 335. ప్రపంచంలో మిగిలింది ఇదొక్కటే. ముక్కులో ఒక ఇంజన్, పైలట్ వెనక ఇంకొకటి. రెండూ డైమ్లర్-బెంజ్ డీబీ 603లే: తలకిందులుగా బిగించిన వీ-12 (V ఆకారంలో రెండు వరసలుగా 12 సిలిండర్లు), 44.5 లీటర్లు, నీళ్లతో చల్లబడేవి. వెనక ఇంజన్ పొడవాటి షాఫ్ట్‌తో తోకలోని ప్రొపెల్లర్‌ని తిప్పుతుంది. రెక్కలకు ఇంజన్లు తగిలించకపోవడం వల్ల గాలి నిరోధం తగ్గింది, ఒకటి ఆగిపోయినా విమానం పక్కకి లాగదు. చిక్కల్లా పైలట్ దూకాల్సి వచ్చినప్పుడే. వెనక తిరుగుతున్న ప్రొపెల్లర్ తగలకుండా దాన్నీ, తోక పైరెక్కనీ ముందే పేల్చి ఊడగొట్టేలా బోల్టులు పెట్టారు, పైలట్‌ని బయటికి విసిరేసే ఎజెక్షన్ సీటు ఇచ్చారు. 1970ల్లో మరమ్మతు కోసం దీన్ని జర్మనీకి పంపితే ఆ పేలుడు బోల్టులు ఇంకా లోపలే ఉన్నాయట! పై అంతస్తు నడకదారి ఎక్కి చూస్తే రెండు ప్రొపెల్లర్లూ ఒకే చూపులో కనిపిస్తాయి. కింద నుంచి చూస్తే సగమే అర్థమవుతుంది.

అక్కడే జర్మనీ మెస్సర్‌ష్మిట్ మీ 163 (Me 163) రాకెట్ ఫైటర్ ఉంది. దాని వాల్టర్ ఇంజన్‌కి రెండు ద్రవాలు: గాఢమైన హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒకటి, మెథనాల్-హైడ్రజీన్ మిశ్రమం ఇంకొకటి. కలిస్తే చాలు, నిప్పు అక్కర్లేకుండానే మండిపోతాయి. ఇంధనం ఏడెనిమిది నిమిషాలే వస్తుంది, ఆ తర్వాత గ్లైడరే. చక్రాలను టేకాఫ్ అయ్యాక వదిలేసి, కింద ఉన్న స్కిడ్ (నేల మీద జారే పట్టీ) మీద దిగేది. దిగేటప్పుడు ట్యాంకులో ఏ కాస్త మిగిలినా ప్రాణాల మీదికొచ్చేది.

లైకమింగ్ ఎక్స్‌ఆర్-7755 విమాన ఇంజన్‌ని చాలామంది చూడకుండా దాటిపోతారు, ఆగి చూడండి. 36 సిలిండర్లు, 127 లీటర్లు, 5,000 హార్స్‌పవర్. చుట్టూ సిలిండర్లు పేర్చిన రేడియల్ ఇంజన్లు మామూలుగా గాలితోనే చల్లబడతాయి. కానీ వరసలు పెరిగేకొద్దీ వెనక సిలిండర్లకు గాలి అందదు. అందుకే దీనికి ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు పెట్టారు. జెట్ వచ్చేయడంతో ఇది గాల్లోకి ఎగరనే లేదు.

డేటన్‌లో పార్కింగ్ కూడా ఉచితం, ఉదయం 9 నుంచి 5 దాకా. నాలుగు పెద్ద హ్యాంగర్లు, కాళ్లు లాగేస్తాయి. యుద్ధకాలం హాల్లో వెలుతురు తక్కువ, ఫోన్ కెమెరాతో ఫోటోలు సరిగా రావు. ఇక్కడ రెండు తొలితరం జెట్ ఫైటర్లను, జర్మనీ మెస్సర్‌ష్మిట్ మీ 262 (Me 262)నీ, అమెరికా బెల్ పీ-59నీ పోల్చి చూడండి. మీ 262లోని జూమో 004 జెట్ ఇంజన్‌లో గాలి ఎనిమిది దశల్లో ముందు నుంచి వెనక్కి తిన్నగా పోతుంది, ఇంజన్ సన్నగా ఉంటుంది. పీ-59లోని జే31 ఇంజన్‌లో ఒకే పెద్ద చక్రం గాలిని బయటివైపు విసురుతుంది, కాబట్టి ఇంజన్ లావు. నికెల్, క్రోమ్ కొరతతో జూమో పట్టుమని 25 గంటలు కూడా నిలిచేది కాదు, థ్రాటిల్ (వేగం పెంచే లివర్) గబుక్కున తోస్తే ఆరిపోయేది. పీ-59 అయితే వేగంలో ప్రొపెల్లర్ ఫైటర్ మస్టాంగ్ కంటే వెనకే.

అమెరికా ప్రయోగ ఫైటర్ ఫిషర్ పీ-75 కూడా ఇక్కడుంది. రెండు అలిసన్ వీ-12లను కలిపి 24 సిలిండర్లు చేసి పైలట్ వెనక పెట్టారు. త్వరగా తయారవుతుందని మొదటి నమూనాలకు వేరే విమానాల రెక్కలు, తోక, చక్రాలు తెచ్చి అతికించారు. 1944లో రద్దయింది. రద్దు కావాల్సిందే.

బసకి షాంటిలీ, హెర్న్‌డన్ హోటళ్లు బాగుంటాయి, చుట్టుపక్కల తెలుగు భోజనానికి లోటు లేదు. డేటన్‌లో ఫెయిర్‌బోర్న్ వైపు ఉంటే మ్యూజియం దగ్గర. భోజనానికి లోపలి కేఫ్‌తో సరిపెట్టుకోవాలి. ఒకదాన్నుంచి ఇంకోదానికి సుమారు 450 మైళ్లు, కారులో ఒక పగలంతా పోతుంది. ముక్కు దగ్గర చిన్న రెక్కలున్న ప్రయోగ ఫైటర్ ఎక్స్‌పీ-55 కోసం ఇంకా పైకి, మిషిగన్‌లోని కలమజూలో ఉన్న ఎయిర్ జూ అనే విమానాల మ్యూజియానికి వెళ్లాలి. దానికి టికెట్ ఉంది. ఆ ఒక్క విమానం కోసం అంత దూరం అక్కర్లేదు, అటువైపు చుట్టాలుంటే తప్ప.