తేనెరంగు హీటరుతో ఐదేళ్లు

మా చిన్న వర్క్‌షాపులో రక్తపరీక్షల ల్యాబులకు డ్రై బాత్‌లు తయారు చేస్తాం. ట్యూబులు నిలబెట్టే అల్యూమినియం దిమ్మను 37 డిగ్రీల దగ్గర కదలకుండా ఉంచడమే ఆ పెట్టె పని. ఐదేళ్ల కిందట దిమ్మ అడుగున సిలికాన్ రబ్బరు హీటరు మానేసి పాలిమైడ్ (వేడిని తట్టుకునే ఒక ప్లాస్టిక్) హీటరు అంటించడం మొదలుపెట్టాను. మూతలోకి వెళ్లే తీగల కట్ట తీసేసి ఫ్లెక్స్ సర్క్యూట్ (పలుచని ప్లాస్టిక్ పొర మీద రాగి గీతలున్న, వంగే సర్క్యూట్) పెట్టాను. రెండూ మా కొలతలకు చేయించుకున్నవే. హీటరు మీద నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. ఫ్లెక్స్ మాత్రం ఏడిపించింది, అందులో తప్పు నాదే ఎక్కువ.

హీటరు చూడటానికి తేనెరంగు కాగితంలా ఉంటుంది. మందం 0.2 మి.మీ. రెండు పాలిమైడ్ పొరల మధ్య ఎచింగ్ చేసిన (రసాయనంతో కొరికి ఆకారం ఇచ్చిన) సన్నటి లోహపు రేకు మెలికలు తిరుగుతూ కనిపిస్తుంది. చంద్రుడి మీద దిగిన అపోలో వాహనానికి చుట్టిన బంగారు రంగు రేకుల్లో ఉన్న కాప్టన్ కూడా ఈ జాతి పొరే. మాది 100 × 80 మి.మీ., 24 వోల్టులు, 40 వాట్లు. లెక్క ప్రకారం 14.4 ఓమ్‌లు రావాలి. కొత్తలో కొలిస్తే 14.6 వచ్చింది. మొన్న సర్వీసుకు వచ్చిన తొలి బ్యాచ్ పెట్టెలో మల్టీమీటర్ పెడితే 14.7. అన్నేళ్లు రోజంతా నడిచిన వస్తువుకు ఇంతకన్నా ఏం కావాలి? పాత రబ్బరు హీటరు 1.5 మి.మీ. మందం. కంట్రోలర్ కరెంటు ఆపేశాక కూడా తనలో దాచుకున్న వేడిని వదులుతూ దిమ్మను ఒక డిగ్రీ పైకి తోసేది. దీనితో ఆ బెడద పోయింది.

పాడైనవి మూడు. మూడింటికీ ఒకటే జబ్బు: జిగురు కింద గాలి బుడగ. ఒకదాన్ని ఊడదీసి చూస్తే రూపాయి బిళ్లంత మేర పొర ఉబ్బి, కాఫీ రంగుకు మాడి, మధ్యలో రేకు తెగి ఉంది. వేడి దిమ్మలోకి దిగే దారి లేకపోతే అంత పలుచని రేకు తనను తానే కాల్చుకుంటుంది. ఇప్పుడు దిమ్మను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాక వేలు కూడా తగలనివ్వను. వెనక కాగితాన్ని ఒక అంచు నుంచి కొద్దికొద్దిగా లాగుతూ రబ్బరు రోలరుతో ఒత్తుకుంటూ పోతాను. యాక్రిలిక్ జిగురు పూర్తిగా పట్టడానికి మూడు రోజులు వదిలేసి, ఆ తర్వాతే కరెంటు ఇస్తాను. కేటలాగులో పెద్ద అక్షరాల్లో ఉండే 200 డిగ్రీలు పొరకు సంబంధించిన అంకె. జిగురు అంత తట్టుకోదు, కొనేముందు దాని అంకె అడగండి. హీటరుతో వరుసలో, వేడి మితిమీరితే తెగిపోయే థర్మల్ ఫ్యూజు కూడా పెట్టండి. కంట్రోలర్‌లో స్విచ్ షార్టయితే ఆపే దిక్కు అదొక్కటే.

ఇక ఫ్లెక్స్. మూతలో సెన్సరు ఉంది కాబట్టి మూత తెరిచిన ప్రతిసారీ ఈ ఫ్లెక్స్ వంగుతుంది. మొదటి డిజైన్ రెండు రాగి పొరలది, వంపు దగ్గరే వయాలు (ఆ రెండు పొరలను కలిపే చిన్న రంధ్రాలు) వేశాను, కీలు చుట్టూ ఇరుకుగా తిప్పాను. ఏడు నెలలకే ఫోన్లు మొదలయ్యాయి: “మూత తీస్తే ఉష్ణోగ్రత పిచ్చి అంకెలు చూపిస్తోందండీ.” బల్ల మీద పెట్టి, గీత తెగకుండా ఉన్నంతసేపు మల్టీమీటర్ కూత పెడుతుండగా మూతను మెల్లగా లేపాను. సగం లేచేసరికి కూత ఆగింది. ఇంకాస్త లేపితే మళ్లీ వచ్చింది. భూతద్దంలో చూస్తే రాగి గీతకు అడ్డంగా వెంట్రుకంత పగులు.

ఫ్లెక్స్ సర్క్యూట్ల డిజైన్ ప్రమాణం ఐపీసీ-2223 అప్పుడు తెరిచాను, ముందే తెరవాల్సింది. రెండోసారి ఒకే పొర, రోల్ చేసి మెత్తబరిచిన రాగి, వంపు దగ్గర వయాలు లేవు, గీతలు కీలుకు అడ్డంగా నేరుగా దాటేలా. పదేపదే వంగే చోట వంపు వ్యాసార్థం మందానికి వంద రెట్లు ఉంటే మేలన్నది ఈ పనిలో వాడుక లెక్క. మా ఫ్లెక్స్ మందం 0.12 మి.మీ., అంటే 12 మి.మీ. అంత చోటు కోసం పెట్టె వెనక గోడను జరపాల్సి వచ్చింది. కనెక్టరు దగ్గర గట్టిదనానికి వేసే బద్దీ అంచు కూడా వంపులోకి రాకుండా చూసుకున్నాను. తర్వాత పాత కారు వైపర్ మోటారుతో మూతను తీసి మూసే చట్రం కట్టి రెండు వారాలు వదిలేశాను. 50,000 సార్లు దాటినా కూత ఆగలేదు.

చిరాకు మిగలలేదని కాదు. పాలిమైడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఓ వానాకాలం ఓవెన్‌లో ఆరబెట్టకుండా టంకం వేస్తే పొరలు బొబ్బలెక్కాయి, పన్నెండు ముక్కలు చెత్తబుట్టలో పడ్డాయి. డిజైన్‌లో చిన్న మార్పుకైనా తయారీదారు టూలింగ్ ఖర్చు మళ్లీ అడుగుతాడు. పది, ఇరవై ముక్కలు కావాల్సిన వాళ్లకు తీగల కట్టే చవక. మేము ఏడాదికి 200 పెట్టెలు చేస్తాం కాబట్టి మాకు గిట్టుతోంది. వచ్చే బ్యాచ్‌కు రెండూ మళ్లీ ఆర్డరు పెట్టాను, ఈసారి హీటరు తీగలు బయటికి వచ్చే చోట సిలికాన్ ముద్ద కూడా వేసి పంపమన్నాను.