ఇంజన్ మార్చిన పాత కారు కొంటున్నారా? “బ్యాటరీ వీక్” అంటే నమ్మకండి

పాత స్విఫ్ట్ డీజిల్ కోసం వెతుకుతున్నవారు ఇది చదివాకే బయానా ఇవ్వండి. మా బావమరిది ఈ మధ్య విజయవాడలో ఒక పాత కార్ల వ్యాపారి దగ్గర అలాంటి బండి కొన్నాడు. ఇంజన్ మార్చిన సంగతి వ్యాపారి దాచలేదు. “తక్కువ తిరిగిన ఇంజన్ సార్, కొత్తదే అనుకోండి” అన్నాడు. దాచింది, దాన్ని బండికి అతికించిన తీరు.

కొన్నాళ్లకే పేచీ మొదలైంది. ఉదయం తాళం తిప్పితే టక్కుమని ఒక్క చప్పుడు, డ్యాష్‌బోర్డు దీపాలు మసకబారడం, అంతే. ఫోన్ చేస్తే “బ్యాటరీ వీక్ సార్, మార్చేయండి” అని సమాధానం. కొత్త బ్యాటరీ వేసినా అదే వరస.

ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రీషియన్ మల్టీమీటర్ తీగ ఒకటి బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజన్ బ్లాకు మీద పెట్టి సెల్ఫ్ కొట్టమన్నాడు. అక్కడ అర వోల్టు కూడా చూపించకూడదు, రెండు దాటింది. ఇంజన్ దింపినప్పుడు విప్పిన ఎర్త్ పట్టీని (ఇంజన్‌ను బ్యాటరీ మైనస్ వైపుకు కలిపేది) మళ్లీ తుప్పు మీదే బిగించారు. సెల్ఫ్ మోటారు వంద ఆంపియర్లకు పైగా లాగుతుంది, ఆ కరెంటు తిరిగి వచ్చే దారే మూసుకుపోతే ఎంత ఖరీదైన బ్యాటరీ అయినా ఏం చేస్తుంది? తుప్పు గీకి కొత్త పట్టీ వేయగానే సెల్ఫ్ గిర్రున తిరిగింది.

అయినా బండి ఒక్కోసారి అందుకుని, వెంటనే ఆగిపోయేది. డ్యాష్‌బోర్డులో తాళం గుర్తు దీపం టపటపా కొట్టుకునేది. స్టీరింగ్ కింది కవరు విప్పితే గుట్టు బయటపడింది. తాళం పెట్టే రంధ్రం చుట్టూ ఉండే కాయిల్‌కు నల్ల టేపుతో అంటించిన, వేలిగోరంత చిప్పు! ఇంజన్‌తో పాటు దాన్ని నడిపించే కంప్యూటర్ పెట్టె, ఈసీయూ కూడా వేరే బండిదే. అది తనకు తెలిసిన చిప్పు కనిపిస్తేనే డీజిల్ వదులుతుంది. కొత్త తాళాలను దానికి నమోదు చేయించే బదులు ఆ వేరే బండి పాత తాళంలోని చిప్పు ఊడదీసి అక్కడ అతికించారు. మా వాడికి ఇచ్చిన తాళాలు రెండూ చిప్పు లేనివే. ఎండకు టేపు జారినప్పుడల్లా బండి మొరాయిస్తుంది. జారకపోతే మరీ ప్రమాదం: బజారులో కోయించిన ఏ మామూలు తాళంతోనైనా దొంగ దర్జాగా తోలుకుపోవచ్చు.

కాబట్టి బండి చూడటానికి వెళ్తున్నట్టు ముందుగా చెప్పకండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేయండి; నీడలో ఉన్నా వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. సెల్ఫ్ నీరసంగా తిరిగితే జంపర్ కేబుల్‌తో బ్యాటరీ మైనస్‌ను నేరుగా ఇంజన్‌కు కలిపి చూడండి. అప్పుడు హుషారుగా తిరిగిందంటే తప్పు ఎర్త్‌దే. స్టీరింగ్ కవరు విప్పించడానికి మొహమాటపడకండి.

ఇంజన్ మీది నంబరును ఆర్సీతో పోల్చడం మాత్రం మరవద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజన్ మార్పును రవాణా శాఖకు తెలిపి ఆర్సీలో ఎక్కించాలి. మా వాడి ఆర్సీలో ఇంకా పాత నంబరే ఉంది. రేపు ఏ ప్రమాదమో జరిగితే బీమా కంపెనీ ముందుగా పట్టుకునేది దాన్నే.

తాళాల నమోదు ఖర్చులో సగం ఇస్తానని వ్యాపారి ఒప్పుకున్నాడు. ఇంజన్ ఎక్కడ కొన్నారో బిల్లు చూపించమన్నప్పటి నుంచి ఫోన్ ఎత్తడం లేదు.