పాత ఫొటోల్లోంచి కొలతలు తీసే ఎఫ్‌స్పై: చాలాకాలం వాడాక

రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌ఫీల్డ్ కట్టడాల నమూనాలను 1/72 స్కేలులో (అసలులో 72వ వంతు) సొంతంగా కట్టేవాళ్లకు ఎఫ్‌స్పై (fSpy) అనే కంప్యూటర్ ప్రోగ్రాం చాలా పనికొస్తుంది. ఉచితం, పాత ల్యాప్‌టాప్ మీదా నడుస్తుంది. కాకపోతే ఇది చెప్పేది నిష్పత్తులు మాత్రమే. అసలు కొలత ఒక్కటైనా మనమే గోడలోంచి వెతికి ఇవ్వాలి.

ఒక గోడ పునాది అంచు మీద, పైకప్పు అంచు మీద ఒక జత గీతలు, పక్క గోడ మీద ఇంకో జత పెడతాం. అవి పొడిగిస్తే ఎక్కడ కలుస్తాయో (దాన్నే వానిషింగ్ పాయింట్ అంటారు) చూసి కెమెరా ఎక్కడుందో, ఎటు చూస్తోందో ఎఫ్‌స్పై లెక్కకడుతుంది. మూలబిందువును భవనం మూల అడుగున పెట్టి, ఏదో ఒక అక్షం మీద, మామూలుగా నిలువు అక్షం మీద, తెలిసిన కొలత ఒకటి ఇవ్వాలి. ఇందులో కొలిచే సాధనం లేదు. ఫైలును యాడాన్‌తో బ్లెండర్ అనే 3డీ ప్రోగ్రాంలోకి తీసుకెళ్లి, గోడల మీద ప్లేన్లు (చదునైన పలకలు) పరిచి, అక్కడ కొలతలు చూసుకోవాలి. గీతలు వీలైనంత పొడుగ్గా, ఒకదానికొకటి ఎడంగా ఉండాలి. కిటికీ అంచంత పొట్టి గీత పెడితే, చెయ్యి కాస్త కదిలినా అవతలి మూల అడుగుల లెక్కన జరిగిపోతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది కత్తిరించిన ఫొటోలతో. ఫొటో నడిమధ్యే లెన్స్ నడిమధ్య అని ఎఫ్‌స్పై మొదట అనుకుంటుంది. పుస్తకం పేజీకి సరిపడేలా ఒక పక్క కోసేసిన బొమ్మ ఇస్తే ఆ మధ్య తప్పుతుంది, భవనం లోతు సాగుతుంది లేదా కుంచించుకుపోతుంది. ముందు గోడ మాత్రం చక్కగా కుదిరినట్టే కనబడుతుంది, అందుకే తప్పు దొరకదు. నెగెటివ్ అంచులు కనబడే స్కాన్ దొరికితే దాన్నే వాడండి. లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియం ఫొటోల్లో బ్రిటన్‌లోని ఆర్‌ఏఎఫ్ (బ్రిటిష్ వైమానిక దళం) స్థావరాలకు సీహెచ్, మన తూర్పు వైపు వాటికి సీఐ వరసలు చూడాలి. కోసిన ఫొటో తప్ప వేరే గతి లేకపోతే నిలువు గీతలతో మూడో వానిషింగ్ పాయింట్ ఇవ్వండి. కెమెరా కాస్త పైకో కిందికో వంగి ఉన్న ఫొటోలకే అది పనిచేస్తుంది.

ఇక తెలిసిన కొలత. ఇంగ్లండ్ ఇటుక గోడలో సిమెంటుతో కలిపి నాలుగు వరసలు సుమారు ఒక అడుగు. తలుపు పక్కన వరసలు లెక్కపెడితే కొలత చేతికొచ్చినట్టే. ఒడిశాలోని మన గంజాం వైపు పాత గోడల ఇటుకను దీనికి ప్రమాణంగా తీసుకోకండి, బట్టీని బట్టి సైజు మారుతుంది. పెచ్చులూడటం, నాచు పట్టడం గమనించడానికైతే ఆ గోడలు బంగారం. ప్లాస్టరింగ్ చేసిన గోడలో వరసలు కనబడవు. యుద్ధకాలపు తాత్కాలిక కట్టడాల్లో గోడ మందం నాలుగున్నర అంగుళాలే, బలానికి పది అడుగులకొక ఇటుక దిమ్మె ఉంటుంది. అప్పుడు ఎత్తుకు బదులు ఆ దిమ్మెల ఎడం తీసుకుని, గోడ వెంట పోయే అక్షం మీద ఇవ్వండి.

డ్రాయింగ్ నంబరు (కట్టడం అసలు ప్లాను నంబరు) తెలిసినా ఫొటో అవసరమే. కంట్రోల్ టవర్లలో 12779/41కి పెద్ద కిటికీలు, 343/43కి చిన్నవి. ఏ టవర్‌కు ఏవి ఉన్నాయో ఫొటోయే తేల్చాలి. మన పక్కనే గోళాబంధలో ఆర్మీ స్థావరం ఉంది కదా అని రిఫరెన్సు కోసం కెమెరా పట్టుకుని అటు వెళ్లకండి. పని చేస్తున్న సైనిక స్థావరాన్ని ఫొటో తీయకూడదు, ఈ పనికి దాని అవసరమూ లేదు.

కొలతలు వచ్చాక ప్లాను ప్రింటు తీయించేటప్పుడు కాగితం మీద సరిగ్గా 100 మి.మీ. గీత ఒకటి గీసి ఉంచండి. జిరాక్స్ షాపు కంప్యూటర్ పేజీకి సరిపెట్టడానికి బొమ్మను కుదిస్తే, స్కేలు పెట్టగానే తెలిసిపోతుంది. తొమ్మిది అంగుళాల గోడ 1/72లో 3.2 మి.మీ. బరంపురం ఫ్లెక్స్ షాపుల్లో దొరికే 3 మి.మీ. సన్‌బోర్డు (లోపల నురుగు ఉండే తేలికపాటి పలక) దానికి సరిపోతుంది. నాలుగున్నర అంగుళాల గోడకు 1.5 మి.మీ. ప్లాస్టిక్ షీటు. అట్ట మాత్రం వద్దు. సముద్రపు గాలికి వానాకాలంలో వంగి, మూలలు విడిపోతాయి. సన్‌బోర్డు మీద ఇటుక గీతలు 1.06 మి.మీ. ఎడంతో మొద్దు సూదితో నొక్కండి. బ్లేడుతో గీస్తే పై పొర చిరిగి లోపలి నురుగు బయటపడుతుంది, రంగు అక్కడ మచ్చలు కడుతుంది.

నిస్సెన్ హట్ (సగం పీపాలా వంగిన రేకుల షెడ్డు) ఒక్కటే కట్టేవాళ్లు ఎఫ్‌స్పై జోలికి వెళ్లక్కర్లేదు. 16 అడుగుల వెడల్పు అంటే 67.7 మి.మీ., ఆరడుగుల బే (రెండు ఇనప పక్కటెముకల మధ్య ఎడం) 25.4 మి.మీ. 63 మి.మీ. పీవీసీ పైపుకు 2 మి.మీ. షీటు చుడితే 67 వస్తుంది. పొడవు కోసం ఫొటోలో బేలు లెక్కపెట్టుకుంటే చాలు.