ఒక్కరోజు రాక్ క్లైంబింగ్ శిక్షణ: డబ్బు కట్టే ముందు తాడు చూపించమనండి

కొత్తగా గుట్టలెక్కడం నేర్చుకోవాలనుకునేవాళ్లు, పిల్లలను అలాంటి ఒక్కరోజు శిక్షణకు పంపాలనుకునే తల్లిదండ్రులు దయచేసి ఇది పూర్తిగా చదవండి. పోయిన ఆదివారం మా అమ్మాయి ఐదడుగులు జారి రాతికి కొట్టుకుంది. మోకాలు చీరుకుపోయింది, అరచేతి చర్మం లేచిపోయింది. ఎముకలు విరగలేదు. కానీ ఆ రోజు అక్కడ వాడిన సామాను గుర్తొస్తే నాకు ఇప్పటికీ నిద్ర పట్టడం లేదు.

ప్రకటన ఫోనుకు వచ్చింది. మనిషికి 1,800 రూపాయలు. పూర్ణ, ఆనంద్ సాధన చేసిన భువనగిరి రాతి మీదే మీరూ ఎక్కండి అని రాశారు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. ఆమె, ఆమెతోపాటు ఎవరెస్టు ఎక్కిన ఆనంద్‌కుమార్ రాతి మీద తొలి పాఠాలు నేర్చుకున్నది భువనగిరి గుట్ట దగ్గరే. మా అమ్మాయికి ఆ పిల్లలంటే ప్రాణం. ఆ పేర్లు చూసి నేను మరో ప్రశ్న వేయకుండా ఇద్దరికీ 3,600 పంపేశాను. ముందురోజు రాత్రి పది గంటలకు చోటు మారిందని సందేశం వచ్చింది. భువనగిరి కాదు, నగర శివారులోని ఏదో గుట్ట. కారణం చెప్పలేదు. అప్పుడే మానుకోవలసింది.

ఉదయం ఆరు గంటలకు రమ్మన్నారు. మొదటి మనిషి రాతి మీద చేయి వేసేసరికి తొమ్మిదిన్నర దాటింది. మన గ్రానైటు ఎండకు పెనంలా కాలుతుంది, చెమట పట్టిన వేళ్లు నిలవవు. అందుకే తెలిసినవాళ్లు చలికాలం ఉదయాలను ఎంచుకుని, ఎండ ముదిరేలోగా దిగిపోతారు. మేము మొత్తం 22 మందిమి. తాళ్లు రెండు, హెల్మెట్లు ఏడు. ఆ ఏడూ భవన నిర్మాణ కూలీలు పెట్టుకునే పసుపు టోపీలు. నాలుగింటికి గడ్డం పట్టీయే లేదు. ఆ టోపీ పట్టీ ఎక్కడైనా చిక్కుకుంటే మెడ బిగుసుకోకుండా ఊడిపోయేలా చేస్తారు. గుట్ట మీద జారిన మనిషికి కావలసింది అందుకు పూర్తిగా వ్యతిరేకం, తల నుంచి కదలని హెల్మెట్. ఎక్కడానికి తయారుచేసిన హెల్మెట్ లోపల ఈఎన్ 12492 అనే యూరప్ ప్రమాణం అంకె ఉంటుంది. ఆ అంకె లేకపోతే పెట్టుకోవద్దు.

నేను తీసిన ఫొటోలను తర్వాత, పదిహేనేళ్లుగా రాళ్లెక్కుతున్న ఒక పరిచయస్తుడికి చూపించాను. ఆయన ముందుగా చూసింది తాడునే. పైతొడుగు అంతా నూగులా లేచి ఉంది. తాడును చేతిలో జరుపుతూ పోతుంటే ఒకచోట మెత్తగా, చదునుగా తగిలిందని చెప్పాను. అలా తగిలితే లోపలి పోగులు దెబ్బతిన్నట్టేనని, ఆ తాడును అక్కడికక్కడే పక్కన పడేయాలని అన్నారు. చివర చీటీ లేదు కాబట్టి అది సాగే తాడో, బరువులు లాగే తాడో తెలిసే దారే లేదు. క్లైంబింగ్‌కు వాడే సాగే తాడు చివర ఈఎన్ 892 అని ఉంటుంది. పై నుంచి తాడు వేసి ఎక్కించేటప్పుడు తక్కువ సాగే తాడును కూడా కొందరు వాడతారట. అయితే కింద పట్టుకున్నవాళ్లు దాన్ని వదులుగా వదలకూడదు. వదిలారంటే జారినప్పుడు ఆ కుదుపంతా నడుముకే తగులుతుంది.

మా విషయంలో జరిగింది ఇదే. కింద తాడు పట్టుకున్న కుర్రవాడు ఒక చేత్తో ఫోను మాట్లాడుతున్నాడు. తాడు వదులుగా వేలాడుతోందని నేను అరుస్తుండగానే అమ్మాయి జారింది. తాడును నడుము పట్టీకి కలిపే లోహపు కొక్కెం, అదే కారబినర్, దాని మర కూడా అతను బిగించలేదు. పైన తాడును ఒకే ఒక్క రాయికి చుట్టి, పదునైన అంచు మీదుగా గుడ్డ ముక్కైనా అడ్డం పెట్టకుండా వదిలారు. కనీసం రెండు వేర్వేరు ఆధారాలు ఉండాలి. ఎక్కేవాళ్లు, పట్టేవాళ్లు ప్రతిసారీ ఒకరి ముడిని, బకిల్‌ను, మరను మరొకరు చేత్తో తాకి చూసుకోవాలి. ఇందుకు అర నిమిషం చాలు. ఆ రోజు ఎవరూ ఒక్కసారి కూడా చూడలేదు.

ఇంకో సంగతి తలచుకుంటే వెన్ను జలదరిస్తుంది. మేము కూర్చున్న చోటికి కొద్ది దూరంలోనే రాతి చూరు కింద పెద్ద తేనెపట్టు వేలాడుతోంది. మన గుట్టల మీద కొండ తేనెటీగలు మామూలే. పొగకు, రాళ్ల దెబ్బకు రేగితే గుంపుగా వచ్చి పడతాయి. తాడుకు వేలాడే మనిషి ఎక్కడికి పరుగెత్తగలడు? ఒకతను అక్కడే సిగరెట్ ముట్టించినా నిర్వాహకులు వారించలేదు.

ప్రథమ చికిత్స పెట్టెలో అతుకు పట్టీలు రెండే ఉన్నాయి. గాయాన్ని మా తాగునీటితో నేనే కడిగాను. డబ్బు తిరిగి ఇమ్మంటే, ఉదయం మీరు సంతకం పెట్టిన కాగితం చూసుకోండి అన్నారు. అలాంటి కాగితం మీద సంతకం పెట్టినంత మాత్రాన ఫిర్యాదు చేసే హక్కు పోదు. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు ఉంటే అక్కడ రుసుము కూడా లేదు. రెండేళ్లలోపు వేయాలి. రసీదు, సందేశాలు, ఫొటోలు చెరిపేయకండి.

డబ్బు పంపే ముందు ఈ మాటలు తప్పకుండా అడగండి. చోటు ఏది? ఒక్కో తాడుకు ఎంతమంది? శిక్షకులు ఎక్కడ నేర్చుకున్నారు? తాడు ఏ ఏడాదిది, చీటీ ఫొటో పంపగలరా? దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం? విసుక్కుంటే అక్కడితో వదిలేయండి. తీరా వెళ్లాక సామాను నచ్చకపోయినా, ఎంతమంది చూస్తున్నా సరే, పిల్లను వెనక్కి తీసుకొచ్చేయండి. నేను మొహమాటపడి ఆగిపోయాను.

అమ్మాయి మాత్రం మళ్లీ ఎక్కుతానంటోంది. మరో చోట విచారించాను. తాడు చీటీ, హెల్మెట్ లోపలి అంకె ఫొటోలు పది నిమిషాల్లో పంపారు. తాడుకు ఐదుగురే అన్నారు. మోకాలు మానాక వెళతాం.